పిల్లలకు దెబ్బ తగిలి క్యాజువాల్టీకి పరిగెత్తాల్సి వస్తే: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. ఆరేళ్లలో మూడుసార్లు క్యాజువాల్టీకి పరిగెత్తాను. పాపకి 19 నెలలప్పుడు వేడి టీ మీద పడింది, తర్వాత బాబు మంచం మీంచి తలకిందులుగా పడ్డాడు, ఆ మరుసటేడు వాడి కాలే బండి వెనక చక్రంలోకి పోయింది. అప్పటినుంచి మా అపార్ట్‌మెంట్‌లో గానీ చుట్టాల్లో గానీ ఎవరి పిల్లలకి దెబ్బ తగిలినా ముందు నాకే ఫోన్ వస్తుంది. వాళ్లు అడిగినవి, నేను పిల్లల డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను. ఒకవేళ ఈ నిమిషంలో మీ బిడ్డ ప్రమాదంలో ఉంటే ఇది చదవకండి, 108కి ఫోన్ చేయండి.

దెబ్బ తగలగానే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. అసలు ముందు ఏం చూడాలి?

అందరికీ అంతే. మొదటిసారి నేను పాపని ఎత్తుకుని హాల్లోకి, మళ్లీ వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను, ఎందుకు తిరుగుతున్నానో నాకే తెలియదు. మూడు విషయాలు చూడండి. ఊపిరి తీసుకుంటోందా, పిలిస్తే పలుకుతోందా, రక్తం ఆగకుండా పోతోందా. గుక్కపెట్టి ఏడుస్తున్న బిడ్డ కనీసం ఊపిరి తీసుకుంటోంది, ఏడవకుండా మెత్తగా వాలిపోయిన బిడ్డ గురించే ఎక్కువ భయపడాలి. రక్తం పోతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూడకుండా ఒక పది నిమిషాలు. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు, తర్వాత అవన్నీ కడగడానికి బిడ్డే ఇంకోసారి ఏడవాలి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. టైం చూసుకోండి. ఎన్నింటికి జరిగిందో ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి.

టీ, పాలు, సాంబారు లాంటివి మీద పడితే?

కుళాయి కింద పెట్టండి. మామూలు చల్లటి నీళ్లు, ధారగా, 20 నిమిషాలు. పది సెకన్లు తడిపి గుడ్డ చుట్టేయడం కాదు, నిజంగా 20 నిమిషాలు. చర్మం పైన చల్లారినట్టు కనిపించినా లోపల వేడి ఇంకా పని చేస్తూనే ఉంటుంది, దాన్ని ఆపేది నీళ్లే. ఆ కంగారులో వెంటనే పెట్టలేకపోయినా ఫర్వాలేదు, మూడు గంటల లోపు పెట్టినా ఉపయోగం ఉంటుందని డాక్టర్లు చెప్తారు. ఐస్ వద్దు. తడిసిన బట్టలు, గాజులు, మొలతాడు తీసేయండి. బట్ట చర్మానికి అంటుకుపోతే మాత్రం లాగొద్దు, చుట్టూ కత్తిరించండి. చిన్నపిల్లలు త్వరగా చల్లబడిపోతారు కాబట్టి కాలిన చోటు నీళ్ల కింద, మిగతా ఒళ్లంతా దుప్పట్లో.

మా పాపకి మేం పెట్టింది నీళ్లు కాదు, టూత్‌పేస్ట్. మా అత్తగారు పెట్టారు, ఆవిడ చిన్నప్పటినుంచీ చూసింది అదే, ప్రేమతోనే పెట్టారు. నేనూ కాదనలేదు, ఎందుకంటే నాకూ తెలియదు. తర్వాత ఆసుపత్రిలో సిస్టర్ ఆ ఎండిపోయిన పేస్ట్‌ని తడిపి తడిపి తీస్తుంటే పాప ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సిరా, వెన్న, గుడ్డు తెల్లసొన, బంగాళాదుంప తురుము, ఏదీ వద్దు. బొబ్బలు చిదపొద్దు. నీళ్లు అయ్యాక శుభ్రమైన పలచటి గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

కాలిన చోటు బిడ్డ అరచేతి కంటే పెద్దగా ఉన్నా, ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాల దగ్గర ఉన్నా, కరెంటు వల్ల గానీ యాసిడ్ వల్ల గానీ అయినా, ఎంత చిన్నగా కనిపించినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

తల మీద పడ్డాడు. డాక్టర్ స్కాన్ తీయకుండా కూర్చోబెట్టారు. పట్టించుకోనట్టేనా?

నేనూ అలాగే అనుకుని గొడవపడ్డాను. సీటీ స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది, పసిపిల్లలకి అవసరం లేకుండా తీయకూడదు. అందుకే దెబ్బ తీరు, వయసు, లక్షణాలు చూసి చాలామందిని నాలుగైదు గంటలు కళ్లెదురుగా ఉంచుకుని గమనిస్తారు. ఊరికే కూర్చోబెట్టినట్టు మనకి అనిపించే ఆ గంటలే అక్కడ పరీక్ష.

రెండేళ్ల లోపు పిల్లలు మూడడుగుల కంటే ఎత్తు నుంచి పడితే, స్పృహ తప్పితే, మళ్లీ మళ్లీ వాంతులైతే, ఫిట్స్ వస్తే, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటిది గానీ రక్తం గానీ కారితే, లేపినా లేవనంత మగతగా ఉంటే, మనిషిని చూసి కూడా వింతగా ప్రవర్తిస్తుంటే ఆగొద్దు, వెళ్లండి. నుదుటి మీద బొప్పి కంటే చెవి పైన, తల పక్కన మెత్తగా ఉబ్బితే, ముఖ్యంగా ఏడాది లోపు బిడ్డల్లో, దాన్ని సీరియస్‌గా తీసుకుంటారు.

పడ్డ తర్వాత నిద్రపోనివ్వొద్దు అని అందరూ అంటారు. బాగా ఏడ్చిన బిడ్డ అలిసిపోయి పడుకుంటాడు, అది తప్పు కాదు. లేపితే లేస్తున్నాడా, అమ్మని గుర్తుపడుతున్నాడా అన్నదే చూసుకోవాలి.

గొంతులో ఏదో ఇరుక్కుంది. వేలు పెట్టి తీయొచ్చా?

కనిపిస్తుంటే, సులువుగా అందుతుంటే తీయండి. కనిపించకుండా వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, ఆ దగ్గు కంటే మంచి మందు లేదు. దగ్గు రావట్లేదు, గొంతు పెగలట్లేదు, పెదాలు నల్లబడుతున్నాయి అంటే ఒక్క క్షణం కూడా లేదు. ఏడాది లోపు బిడ్డని మీ ముంజేతి మీద బోర్లా, తల కిందకి ఉండేలా పట్టుకుని వీపు మీద రెండు భుజం రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో ఐదు నొక్కులు, వస్తువు బయటపడేదాకా అలా మార్చి మార్చి. ఏడాది దాటిన పిల్లలకి వీపు మీద ఐదు దెబ్బలు, ఆ తర్వాత వెనక నుంచి చేతులు చుట్టి బొడ్డుకి పైన లోపలికీ పైకీ ఐదు నొక్కులు. ఇది చదివితే రాదు, ఎవరైనా నేర్పిస్తుంటే ఒక పూట వెళ్లి నేర్చుకోండి. బిడ్డ స్పృహ తప్పితే గుండె నొక్కడం, నోట్లో ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి, ఇంకొకరు 108కి చేయాలి.

మన ఇళ్లలో ఎక్కువగా చూసేది వేరుశనగ గింజ. నవ్వుతూనో పరిగెత్తుతూనో తింటుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అప్పటికి దగ్గు ఆగిపోతుంది, అమ్మయ్య అనుకుంటాం. తర్వాత రోజులు గడిచినా తగ్గని దగ్గు, పిల్లికూతలు. న్యుమోనియా అని మందులు వాడుతూనే ఉంటారు. అలా ఉంటే డాక్టర్‌తో "పదిరోజుల కింద పల్లీలు తింటూ ఉక్కిరిబిక్కిరయ్యాడు" అని మీరే చెప్పాలి, వాళ్లు ఊహించలేరు. నాలుగేళ్లు దాటేదాకా పల్లీలు, శనగలు గింజలుగా పెట్టొద్దు, పొడి చేసి పెట్టండి. సీతాఫలం, సపోటా గింజలు మీరే తీసి పెట్టండి.

ఏదో తాగేశాడు, మింగేశాడు. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలా?

వద్దు. ముఖ్యంగా కిరసనాయిలు, టర్పెంటైన్, టాయిలెట్ క్లీనర్, యాసిడ్ తాగితే కక్కించడమే ప్రమాదం. కిరసనాయిలు పొట్టలో ఉన్నప్పటి కంటే కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతేనే ఎక్కువ చేటు చేస్తుంది, యాసిడ్ వచ్చేటప్పుడు గొంతుని రెండోసారి కాలుస్తుంది. ఆ సీసా, డబ్బా, మాత్రల స్ట్రిప్, ఏదైతే అది చేతిలో పట్టుకుని వెళ్లండి, ఎంత మిగిలిందో చూస్తే ఎంత తాగాడో డాక్టర్‌కి అంచనా వస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117 అని టోల్ ఫ్రీ నంబర్, రాత్రీ పగలూ పలుకుతారు. అది ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

మూడింటి గురించి విడిగా చెప్పాలి. ఒకటి పూజగదిలో కర్పూరం. పటికబెల్లం ముక్కలా కనిపిస్తుంది, చిన్నపిల్లలు కొద్దిగా మింగినా ఫిట్స్ వస్తాయి. రెండు, పసుపు భాస్వరం ఉన్న ఎలకల పేస్ట్. మింగిన రోజు బిడ్డ బాగానే ఆడుకుంటాడు, ఏం కాలేదులే అనుకుంటాం, కానీ రెండు మూడు రోజులయ్యాక కాలేయం దెబ్బతింటుంది. బాగున్నాడు కదా అని ఆగడానికి వీల్లేని విషం అది. మూడు, బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, రూపాయి బిళ్ల మింగినట్టు "దానంతటదే పోతుంది" అనుకోవద్దు, ఎక్స్‌రే తీసే సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా వెళ్లండి. మింగి 12 గంటలు దాటకపోతే, ఏడాది దాటిన బిడ్డ గుటక వేయగలిగితే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకి మించకుండా. తేనె కోసం వెతుకుతూ ఇంట్లో ఆగొద్దు. ఇది ఒక్క బటన్ బ్యాటరీకే, మిగతా వేటికీ నోట్లో ఏమీ వేయొద్దు.

తేలు, పాము, కుక్క?

పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం వేసేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, బిడ్డని నడిపించకుండా ఎత్తుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ విరుగుడు మందు ఉచితం. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, గాటు కూడా కనిపించదు. నేల మీద పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి, కళ్ల రెప్పలు వాలిపోతున్నాయంటే పాము కాటేమోనని అనుమానించి బయల్దేరండి.

తేలు కుడితే పెద్దవాళ్లకి చాలావరకు నొప్పితో పోతుంది, పిల్లలకి ఎర్రతేలు విషం గుండె మీద పడుతుంది. చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం ఉంటే అదే గుర్తు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే బీపీ మాత్రతో ఈ మరణాలు ఎంతగా తగ్గించవచ్చో చూపించారు, ఇప్పుడు ఆ మాత్ర వాడుతున్నారు, కానీ డాక్టర్ చూసి ఇవ్వాలి.

కుక్క గీరినా కరిచినా సబ్బుతో, కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పూయొద్దు. వ్యాక్సిన్ అదే రోజు మొదలుపెట్టి డాక్టర్ రాసిచ్చిన తేదీల్లో అన్ని డోసులూ వేయించాలి. చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే మందు) కూడా కావాలి, దాని సంగతి మీరే అడగండి.

108కి చేయాలా, మా బండి మీద వెళ్లిపోవాలా?

ఊపిరి ఆడకపోయినా, స్పృహ లేకపోయినా, ఎత్తు నుంచి పడి మెడ కదపలేకపోయినా 108. 2005లో హైదరాబాద్‌లో మొదలైన సర్వీస్ ఇది, ఆక్సిజన్ ఉంటుంది, తోడు మనిషి ఉంటాడు, ఏ ఆసుపత్రిలో ఏముందో వాళ్లకి తెలుస్తుంది. మిగతా వాటికి ఆటో గానీ కారు గానీ ఎక్కండి. బండి మీద మాత్రం వద్దంటాను. చేతులు వణుకుతుంటే బండి నడిపేవాళ్లూ, ఒళ్లో బిడ్డని పట్టుకున్నవాళ్లూ ఇద్దరూ ప్రమాదంలోనే ఉంటారు.

రాత్రి పూట పిల్లల డాక్టర్ ఉండే ఆసుపత్రి మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఈ వారమే కనుక్కోండి. బోర్డు మీద 24 గంటలు అని ఉన్నా రాత్రి పన్నెండుకి పిల్లల డాక్టర్ ఉంటారని కాదు. హైదరాబాద్‌లో నీలోఫర్ అనగానే అందరికీ తెలుసు, అది పిల్లల ఆసుపత్రే. విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో రుయా, గుంటూరులో జీజీహెచ్.

డబ్బు కట్టందే చేయి వేయమంటున్నారు. పోలీస్ కేసు అని కూడా అంటున్నారు.

ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకి ముందు వైద్యం చేయాలి, పోలీసు కాగితాలు ఆ తర్వాతే అని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది, ప్రభుత్వ డాక్టర్ అయినా ప్రైవేట్ డాక్టర్ అయినా. ఆ మాట మర్యాదగా, గట్టిగా డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి, కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడితో వాదించి లాభం లేదు. విషం, కాలిన గాయాలు, రోడ్డు ప్రమాదం లాంటి వాటికి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకి తెలియజేసే కేసు) అని రాస్తారు. అది నిబంధన, మిమ్మల్ని దోషులని రాసినట్టు కాదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే తెలంగాణలోనూ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కిందా చూడగలిగే జబ్బేమో అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి. కార్డు ఫొటో, ఆధార్ ఫొటో, టీకాల కార్డు ఫొటో భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.

మా తర్వాత వచ్చినవాళ్లని ముందు చూశారు.

అక్కడ వరుస టోకెన్‌ది కాదు, ప్రాణానిది. మిమ్మల్ని ఆగమన్నారంటే మీ బిడ్డ ఆగగలిగే స్థితిలో ఉందని. కానీ ఆగుతున్నప్పుడు బిడ్డ మారితే, అంటే మగతగా అయితే, వాంతి చేసుకుంటే, ఊపిరి వేగం పెరిగితే, లేచి వెళ్లి సిస్టర్‌కి చెప్పండి, మొహమాటపడొద్దు. కుట్లు వేయాల్సి వచ్చేలా ఉంటే ఆగినంతసేపూ పాలు, బిస్కెట్లు ఇవ్వకండి, మత్తు ఇవ్వాల్సి వస్తే పొట్ట ఖాళీగా ఉండాలి. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే ఇవ్వొచ్చా అని అడిగి ఇవ్వండి.

ఒకే ప్రశ్న ముగ్గురు డాక్టర్లు అడిగారు. మమ్మల్ని అనుమానిస్తున్నారా?

నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

పాప మీద టీ పడినప్పుడు ఎంతసేపైంది అని అడిగారు. మా ఆయన "ఇప్పుడే, పది నిమిషాలు" అన్నారు. నిజానికి గంటకి దగ్గరపడింది. పేస్ట్ పెట్టి, ఎవరి తప్పో తేల్చుకుంటూ, మామగారికి ఫోన్ చేసి, ఆటో కోసం చూసి, ఇంతా అయ్యాక వచ్చాం. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. నేను పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. ఇంకో డాక్టర్ వచ్చి మళ్లీ అడిగారు, మూడోసారి అడిగేసరికి నేను ఏడ్చేసి నిజం చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. "మంచిదమ్మా, ఇప్పుడు ఫ్లూయిడ్స్ లెక్క సరిగ్గా వేస్తాం" అన్నారు. ఒళ్లు బాగా కాలిన పిల్లలకి ఎక్కించే సెలైన్ లెక్క కాలిన క్షణం నుంచి వేస్తారట, ఆసుపత్రికి వచ్చిన క్షణం నుంచి కాదు. మా పాపకి అంతగా కాలలేదు కాబట్టి నష్టం జరగలేదు. అదే ఎక్కువ కాలి ఉంటే, మా సిగ్గు దాని ఒంట్లో తగ్గిన నీళ్ల లెక్క అయ్యేది.

అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తాతగారి బీపీ మాత్రలు మింగిందంటే తాతగారి పరువు పోతుందని దాచొద్దు. పనమ్మాయి చూస్తుండగా పడ్డాడా, మీరు ఫోన్ చూస్తుండగా పడ్డాడా అన్నది డాక్టర్‌కి అక్కర్లేదు, ఎంత ఎత్తు, కింద ఏముంది, పడగానే ఏడ్చాడా అన్నది కావాలి. పిల్లల్ని కొట్టే ఇళ్లు కూడా ఉంటాయి కాబట్టి కథకీ గాయానికీ పొంతన లేకపోతే వాళ్లు అడిగి తీరాలి, ఆ అడగడం వల్లే కొందరు పిల్లలు బతుకుతున్నారు. నిజం చెప్పినవాళ్లకి ఆ ప్రశ్నలు నొప్పి తప్ప హాని చేయవు.

సూది వేసేటప్పుడు నన్ను బయటికి పొమ్మన్నారు. ఉండనివ్వమని అడగొచ్చా?

అడగొచ్చు. ఒకరు ఉంటామనండి, ఇద్దరూ కాదు. ఎవరు గట్టిగా నిలబడగలరో వాళ్లు బిడ్డ దగ్గర, రెండోవాళ్లు బిల్లులు, మందుల షాపు, చుట్టాల ఫోన్లు. "ఏం నొప్పి పుట్టదు" అని చెప్పొద్దు. పుడుతుంది, అప్పుడు మీ మాట మీద నమ్మకం పోతుంది. "కాస్త నొప్పి పుడుతుంది నాన్నా, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది, నేను ఇక్కడే ఉన్నా" అనండి. ఇంటి దగ్గర అల్లరి చేసినప్పుడు "డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా" అని బెదిరించడం మా ఇంట్లో మేం ఆ రోజుతో మానేశాం.

పడ్డ ప్రతిసారీ టీటీ వేయించాలా?

టీకాలన్నీ టైంకి వేయించి ఉంటే చాలావరకు అక్కర్లేదు. నెలన్నర నుంచి వేసే పెంటావాలెంట్‌లో, ఏడాదిన్నర, ఐదేళ్ల బూస్టర్లలో, 10, 16 ఏళ్ల టీడీలో ధనుర్వాతం టీకా ఉంది. మట్టి, పేడ అంటిన లోతు గాయమైతే చివరి డోసు ఎప్పుడు పడిందో చూసి డాక్టర్ చెప్తారు. అందుకే కార్డు ఫొటో అన్నది.

ఇంట్లో అందరూ "నువ్వేం చూస్తున్నావ్" అంటున్నారు. నాకూ నేనే కారణమనిపిస్తోంది.

ఈ మాట ఎక్కువగా తల్లికే పడుతుంది. మా ఇంట్లోనూ పడింది. ఆ రోజు స్టవ్ దగ్గర నేను లేను, స్నానం చేస్తున్నాను. స్నానం చేయడం కూడా తప్పేనా అని వారం రోజులు నాలో నేనే కుమిలిపోయాను.

నడక నేర్చిన పిల్ల కప్పు అందుకుని లాగడానికి పట్టేది ఒక్క క్షణం, రెప్ప వేయకుండా చూసే మనిషి ఎవరూ ఉండరు. మార్చగలిగింది కప్పు ఉన్న చోటు. అందుకని మా ఇంట్లో మాట్లాడుకుని ఒక ఒప్పందం చేసుకున్నాం, దెబ్బ తగిలిన రోజు ఎవరి తప్పన్న మాట ఎత్తకూడదు, వారం తర్వాత కూర్చుని ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో మాత్రం మాట్లాడాలి. మా అత్తగారే ముందు సరేనన్నారు. పేస్ట్ పెట్టినందుకు ఆవిడ ఎంత బాధపడ్డారో నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక దిష్టి తీస్తానన్నారు, తీయమన్నాను. ముందు డాక్టర్, తర్వాత దిష్టి, ఆ వరుస తప్పకపోతే నాకు ఏ అభ్యంతరం లేదు.

నెల దాటినా నిద్ర పట్టకపోయినా, ఆ దృశ్యమే కళ్లముందు తిరుగుతున్నా, బిడ్డని ఒక్క క్షణం కూడా దించలేకపోతున్నా అది మీ బలహీనత కాదు, కౌన్సెలర్‌ని గానీ సైకియాట్రిస్ట్‌ని గానీ కలవండి.

బాబు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు, బండి ఎక్కనంటున్నాడు. ఎంతకాలం ఉంటుంది?

కొన్ని వారాలు ఉండటం మామూలే. పక్క తడపొచ్చు, అమ్మని వదలకపోవచ్చు, బొమ్మకి కట్టు కట్టి అదే ఆట పదేపదే ఆడొచ్చు. ఆడనివ్వండి, అలాగే వాళ్లు ఆ భయాన్ని చిన్నది చేసుకుంటారు. జరిగింది దాచిపెట్టకుండా, వాడు అడిగినప్పుడల్లా చిన్న మాటల్లో చెప్పండి. నెల దాటినా తగ్గకపోతే, ఆటలూ తిండీ మానేస్తే, పిల్లల డాక్టర్‌కి చెప్పండి.

మా వాడు బండి ఎక్కడానికి రెండు నెలలు పట్టింది. పాదం పుండు మానింది, కానీ బండి స్టార్ట్ చేసిన చప్పుడు వింటేనే నా కొంగు పట్టుకునేవాడు. మేం బలవంతం చేయలేదు. వెనక చక్రానికి పూర్తిగా కప్పేలా చీర గార్డ్ బిగించాం, దాన్ని వాడి చేతనే తట్టించి చూపించాం. వాడి సైజు హెల్మెట్ కొన్నాం, రంగు వాడే ఎంచుకున్నాడు. నాలుగేళ్ల లోపు పిల్లలకి బండి మీద హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టే బెల్టు ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022లోనే కేంద్రం నిబంధన పెట్టిందని అప్పుడే తెలిసింది. కొన్నాళ్లు ఆగి ఉన్న బండి మీద కూర్చుని హారన్ కొట్టేవాడు, అంతే. ఒక ఆదివారం సందు చివరిదాకా తీసుకెళ్లమని వాడే అడిగాడు. మా ఆయన నెమ్మదిగా తీసుకెళ్లి తీసుకొచ్చారు, నేను గేటు దగ్గరే నిలబడ్డాను, దిగగానే ముందు తన పాదం చూసుకున్నాడు, తర్వాత నన్ను.